పేరులో ఒక్క అక్షరం, మధ్యాహ్నం ఒక కునుకు: ముగ్గురు పిల్లలతో మా సింగపూర్ ప్రయాణం

2025 జనవరి 5, ఆదివారం మధ్యాహ్నం. భోజనాలయ్యాక మావారు బీరువాలోంచి తన పాస్‌పోర్టు తెచ్చి బల్ల మీద పెట్టారు. పదేళ్ల కిందట గల్ఫ్‌లో పని దొరుకుతుందేమోనని తీయించుకున్నది. ఒక్క పేజీలో కూడా ముద్ర పడలేదు. “ఇది ఉంది కదా, ఇంకో నాలుగు తీయించుకుంటే మన పని అయిపోతుంది” అన్నారు. పెద్దమ్మాయి దాన్ని తిరగేసి చూసి, “నాన్నా, ఇది సెప్టెంబరు 21తో అయిపోతుంది” అంది. సింగపూర్‌లో దిగే రోజుకి పాస్‌పోర్టుకు కనీసం ఆరు నెలల గడువు ఉండాలి. మేము అనుకున్నది మే నెల. నాలుగు పాస్‌పోర్టులు కావాలనుకున్నవాళ్లం, మొదటి రోజే అయిదు కావాలని తెలుసుకున్నాం.

మాది ఒడిశాలో, ఆంధ్ర సరిహద్దున ఉన్న పర్లాకిమిడి. ఇంట్లో తెలుగు, బడిలో ఒడియా, బజారులో రెండూ. పెద్దమ్మాయికి పదిహేను, బాబుకు ఏడు, చిన్నవాడికి మూడు నిండాయి. వచ్చే ఏడాది పెద్దమ్మాయి పదో తరగతి పరీక్షలు రాస్తుంది. తర్వాత చదువుకి విశాఖపట్నమో భువనేశ్వరో పంపాలి. అయిదుగురం ఒకే ఇంట్లో గడిపే ఆఖరి వేసవి ఇదేనని నవంబరులో ఒక రాత్రి నాకు తట్టింది. ఆ రాత్రి నిద్ర పట్టలేదు. అదే నెలలో చీటీ పాడుకున్న డబ్బు, 3,50,000 రూపాయలు చేతికొచ్చాయి. డాబా మీద గది వేయాలని అనుకున్న డబ్బు అది. గది తర్వాత వేసుకుందామని నేనే అన్నాను.

పాస్‌పోర్టు అనగానే మా ఊళ్లో అందరూ భువనేశ్వర్ పేరే చెబుతారు. ఏడెనిమిది గంటల బస్సు, పైగా చంటివాడితో. అయితే 2018 నుంచి దేశంలో ఎక్కడి కేంద్రంలోనైనా దరఖాస్తు చేసుకోవచ్చని, పోలీసు విచారణ మాత్రం మనం రాసిన చిరునామాకే వస్తుందని చదివాక ప్రాణం లేచివచ్చింది. విశాఖపట్నం మాకు పాతపట్నం మీదుగా కారులో నాలుగు గంటలు. పైగా కౌంటరులో తెలుగులో మాట్లాడవచ్చు. పక్క జిల్లాల వాళ్లకు ఈ ఒక్క సంగతి తెలిసినా ఎంత శ్రమ తప్పుతుందో!

ముందు పెద్దవాళ్లవి, తర్వాత పిల్లలవి అని నిర్ణయించుకున్నాం. తల్లిదండ్రులిద్దరికీ చెల్లుబాటులో ఉన్న పాస్‌పోర్టులు ఉంటే చిన్న పిల్లలకు సాధారణంగా పోలీసు విచారణ అవసరం ఉండదు. జనవరి 20న మా ఇద్దరికీ స్లాట్ దొరికింది. చెరో 1,500 రూపాయలు. లోపల ఏ, బి, సి అని మూడు కౌంటర్లు. మొదటి దానిలో ఫోటో, వేలిముద్రలు. రెండో దానిలో అసలు పత్రాల పరిశీలన. మూడో దానిలో ఆఖరి మాట. గంటన్నరలో బయటికొచ్చాం. ఫిబ్రవరి 3న కానిస్టేబుల్ ఇంటికి వచ్చి, పక్కింటివాళ్లతో ఒడియాలో మాట్లాడి, సంతకాలు తీసుకుని వెళ్లారు. 14న నా పాస్‌పోర్టు పోస్టులో వచ్చింది. మావారిది అంతకు వారం ముందే వచ్చింది.

అసలు కష్టం పిల్లల పత్రాలు బల్ల మీద పరిచినప్పుడు బయటపడింది.

మా పెద్దమ్మాయి పేరు ‘వ’తో మొదలవుతుంది. ఒడియాలో ఇలాంటి పేర్లలో ‘వ’ కాస్తా ‘బ’ అవుతుంది. జనన ధ్రువపత్రం రాసినవారు తమకు వినిపించినట్టే ‘బ’ అని రాశారు. ఇంగ్లిషులోనూ అదే అక్షరం పడింది. ఆధార్‌లో, బడి రిజిస్టరులో మేము చెప్పినట్టు ‘వ’. పదిహేనేళ్లుగా రెండు పేర్లూ పక్కపక్కనే ఉన్నాయి. ఎవరూ పట్టించుకోలేదు, మేమూ పట్టించుకోలేదు. ఏది మార్చాలన్నది ప్రశ్న. మా బంధువు ఒకాయన “ఆధార్ మార్చేయండి, తేలిక” అన్నారు. కానీ తొమ్మిదో తరగతిలోనే బోర్డుకి పేర్లు వెళ్లిపోతాయి. రేపు పదో తరగతి సర్టిఫికెట్ మీద పడేది అదే పేరు. ఆధార్‌లో ‘బ’ చేస్తే అక్కడ చిక్కు. మేము ఇలా తర్కించుకుంటుంటే పిల్ల గుమ్మంలో నిలబడి వింటోంది. “నన్ను బడిలో అందరూ ‘బ’తోనే పిలుస్తారు. నేనేమీ అనను. కానీ రాసేటప్పుడు మాత్రం ‘వ’తోనే రాసుకుంటాను. అది మార్చకండి అమ్మా” అంది. దాని మనసులో ఈ అక్షరం ఇంత బరువుగా ఉందని నాకు ఆ క్షణం దాకా తెలియదు.

జనవరి 8న జనన ధ్రువపత్రం సరిచేయమని దరఖాస్తు ఇచ్చాం. నోటరీ అఫిడవిట్, బడి నుంచి ఉత్తరం, మా ఇద్దరి ఆధార్లు, మొదటి పత్రం అసలు. పది రోజులన్నారు. పది రోజులకు వెళ్తే అఫిడవిట్‌లో తండ్రి పేరు పొట్టి రూపంలో ఉందని వెనక్కి ఇచ్చారు. మళ్లీ రాయించాం. ఫిబ్రవరి 4న వెళ్తే సంతకం పెట్టాల్సినవారు శిక్షణకు వెళ్లారు. 17న వెళ్తే పాత రిజిస్టరు దొరకలేదు. అయిదుసార్లు తిరిగాను. ఒకసారి చిన్నవాణ్ని చంకనేసుకుని రెండు గంటలు నిలబడి, ఇంటికొచ్చి, వంట మొదలుపెట్టకుండా అలాగే కూర్చుండిపోయాను. మా అత్తయ్య ఏమీ అడగకుండా ఎసరు పెట్టారు. ఫిబ్రవరి 26న కొత్త పత్రం చేతికొచ్చింది. ఏడు వారాలు. ప్రయాణం ఆలోచన లేకపోయినా సరే, రెండు రాష్ట్రాల అంచున ఉన్న తెలుగువాళ్లు పిల్లల ధ్రువపత్రాలు ఈ రోజే తీసి అక్షరం అక్షరం చూసుకోమని చేతులెత్తి అడుగుతున్నాను.

మార్చి 10న పిల్లల స్లాట్. తెల్లవారుజామున అయిదింటికి బయల్దేరాం. నాలుగేళ్ల లోపు పిల్లల ఫోటో మనమే తీసుకెళ్లాలి, తెల్లని వెనుక తెర ఉండాలి. చిన్నవాడు స్టూడియోలో రెండు రోజులు ఏడ్చి మూడో రోజు కుదురుగా కూర్చున్నాడు. ఎనిమిదేళ్ల లోపు వాళ్లకు రుసుములో పది శాతం తగ్గుతుంది కనుక చిన్నవాళ్లిద్దరికీ చెరో 900. పదిహేను నిండిన పెద్దమ్మాయికి రెండు దారులున్నాయి: 1,000 రూపాయలకు పద్దెనిమిదేళ్ల వరకు చెల్లేది, లేదా 1,500కు పదేళ్లది. పదేళ్లది తీసుకున్నాం. పై చదువుకు ఎప్పుడు అవసరం పడుతుందో ఎవరికి తెలుసు.

మా స్లాట్ 11.45. ఆఖరి కౌంటరు పిలిచేసరికి ఒకటింబావు. సరిగ్గా చిన్నవాడి నిద్ర వేళ. అందరి ముందు నేల మీద పడి దొర్లాడు. అధికారి ఓపికగా ఆగారు, కానీ నాకు చెమటలు పట్టాయి. తిరుగు దారిలో కారు ఎక్కిన రెండు నిమిషాలకే వాడు నిద్రపోయాడు. అప్పుడు పెద్దమ్మాయి “అమ్మా, నువ్వు రాసిన సింగపూర్ లిస్టులో వీడు ఎప్పుడు పడుకుంటాడు?” అని అడిగింది. నా దగ్గర జవాబు లేదు. అయిదు రోజుల్లో తొమ్మిది చోట్లు రాసిపెట్టుకున్నాను. నిద్ర ఎక్కడా లేదు.

ఆ రాత్రి లిస్టు చించేశాను. పెద్దమ్మాయి కొత్త నోటుపుస్తకం తెచ్చి ప్రతి పేజీ మీదా ఒక గడియారం గీసింది. మధ్యాహ్నం ఒంటి గంట నుంచి నాలుగు దాకా నల్లగా నింపింది. అది చిన్నవాడి వేళ, ఎవరూ ముట్టుకోకూడదు. ఆ మూడు గంటలూ వాడి దగ్గర ఒకరు ఉంటే, రెండోవారు పెద్దపిల్లలిద్దరితో బయటికి వెళ్లాలి. ఆ తర్వాత ఒక్కొక్కరికీ ఒక్కో రోజు రాసుకున్నాం. బాబుకు జంతువులు కావాలి. చిన్నవాడికి నీళ్లు, రైళ్లు చాలు. పెద్దమ్మాయి చాలాసేపు ఆలోచించి, “నాకు ఎక్కడికీ పరుగెత్తకుండా నీళ్ల పక్కన కూర్చుని బొమ్మ గీసుకునే ఒక సాయంత్రం కావాలి, నాన్నతో” అంది.

విశాఖపట్నంలో ఒక ఏజెంటు ఇచ్చిన ప్యాకేజీ కూడా చూశాం. రోజూ ఉదయం ఎనిమిదికి బస్సు, రాత్రి తొమ్మిదికి వాపసు. సింగపూర్ గడియారం మనకన్నా రెండున్నర గంటలు ముందు. అక్కడ ఎనిమిదంటే పిల్లల ఒంటికి అయిదున్నర. ఏ తల్లి లేపగలదు? ధర కింద విదేశీ ప్యాకేజీల మీద అప్పట్లో కట్టాల్సిన అయిదు శాతం పన్ను కూడా విడిగా ఉంది. ఆదాయపు పన్ను లెక్కల్లో అది తిరిగి వస్తుంది, కానీ ముందు చేతి నుంచి పోవాలి కదా. వద్దనుకున్నాం.

ఆ రెండున్నర గంటలనే మాకు అనుకూలంగా తిప్పుకున్నాం. రాత్రిపూట జంతువులను చూపించే పార్కు, నైట్ సఫారీ, రాత్రి ఏడుంబావుకి తెరుస్తారు. అప్పటికి మన ఊళ్లో పావు తక్కువ అయిదు, మధ్యాహ్నం కునుకు తీసి లేచిన చిన్నవాడు మంచి హుషారులో ఉండే సమయం. గార్డెన్స్ బై ద బేలో దీపాల ప్రదర్శన 7.45కి, మళ్లీ 8.45కి, టికెట్ లేదు. అక్కడే పిల్లల నీళ్ల తోట ఉంది, అదీ ఉచితమే. ఆ తోట సోమవారం మూసి ఉంటుందని ముందే చూసుకుని రాసుకున్నాం. ఉదయాలు వదిలేసి సాయంత్రాలు పట్టుకోవడం, ఈ మొత్తం ఏర్పాటులో మేము చేసిన అన్నింటికన్నా మంచి పని.

ఏప్రిల్ మొదటి వారంలో పిల్లల ఎత్తులు తలుపు చెక్క మీద గీసి కొలిచాం. చిన్నవాడు 89 సెంటీమీటర్లు. 90 లోపు పిల్లలకు అక్కడి మెట్రోలో టికెట్ లేదు. బాబు 118. యూనివర్సల్ స్టూడియోస్‌లో వాడు ఫోన్లో చూసి కలలు కంటున్న రైడ్‌కు 122 ఉండాలి. చెప్పాలా వద్దా అని మేమిద్దరం ఒక పూట తర్జనభర్జన పడ్డాం. చెప్పేశాం. వాడు గోడవైపు తిరిగి ఏడ్చాడు. నాకూ గుండె పిండినట్టయింది. కానీ ఆ ఏడుపు మా ఇంట్లో, వాళ్ల నానమ్మ ఒళ్లో అయిపోయింది. అంత డబ్బు పోసి గేటు దగ్గర నిలబడ్డాక వినాల్సిన మాట కాదది. మర్నాటికి వాడే ఆ పేరు కొట్టేసి జంతువుల పార్కులో ఇంకో పూట అడిగాడు.

టికెట్లు ఏప్రిల్ 2న కొన్నాం. పెద్దమ్మాయి పాస్‌పోర్టు తమ్ముళ్ల కంటే పది రోజులు ఆలస్యంగా, మార్చి 29న వచ్చింది. అందుకే అప్పటిదాకా ఆగాం. విశాఖపట్నం నుంచి నేరుగా వెళ్లే విమానం, మనిషికి రానుపోను 21,400. రెండేళ్లు దాటిన పిల్లవాడికి కూడా పూర్తి ధరే. సామాన్లకు, అయిదుగురం పక్కపక్కన కూర్చోవడానికి కలిపి ఇంకో 14,000 అయింది. ఈ రెండూ టికెట్‌లో ఉండవని నేను అనుకోలేదు. సీట్లు కొనకపోతే మూడేళ్ల పిల్లవాడు ఒక వరసలో, నేను ఒక వరసలో పడతామేమోనన్న భయంతో కొన్నాను.

గది విషయంలోనూ అంతే. మేము చూసిన చోటల్లా ఒక గదికి ముగ్గురే. అయిదుగురంటే రెండు గదులు. లిటిల్ ఇండియాలో, మెట్రో స్టేషనుకు అయిదు నిమిషాల నడకలో తీసుకున్నాం. గదికి రాత్రికి 120 సింగపూర్ డాలర్లు, ఆ డాలరు అప్పుడు 65 రూపాయలు. ఇంతకన్నా చవకైనవి దూరంగా దొరికాయి. కానీ నిద్రపోతున్న పిల్లవాణ్ని భుజాన వేసుకుని నడిచే దూరం నాకు ముఖ్యం. పైగా ఇడ్లీ, పెరుగన్నం గుమ్మం ముందే దొరుకుతాయి.

వీసా దగ్గర మళ్లీ గుండె దడ. చేరే తేదీకి 30 రోజులకన్నా ముందు దరఖాస్తు పెట్టకూడదు. మేము చేరేది మే 20, అంటే డబ్బు తిరిగిరాని టికెట్లు చేతిలో పెట్టుకుని ఎదురుచూడాలి. వాళ్లు గుర్తించిన ఏజెంట్ల ద్వారానే పెట్టాలి. ఏప్రిల్ 21న పంపాం. పాస్‌పోర్టు ఫోటోలు మెరుస్తున్నాయని, మెరుపు లేనివి కావాలని మళ్లీ తీయించారు. అంటే చిన్నవాడికి మళ్లీ స్టూడియో. 25న నాలుగు వీసాలు వచ్చాయి. బాబుది రాలేదు. వాడి ఆధార్‌లో ఇంటిపేరు ఒక్క అక్షరంగా, పాస్‌పోర్టులో పూర్తిగా ఉంది. దరఖాస్తులో ఏజెంటు ఒక్క అక్షరమే నింపారు. సరిచేసి పంపాక వారం పట్టింది. ఆ వారం రోజులూ నేను బాబు ముందు ప్రయాణం మాటే ఎత్తలేదు. వాడొక్కడికీ రాకపోతే ఎవరం వెళ్లమని మావారూ నేనూ అనుకున్నాం, పైకి చెప్పలేదు. మే 2న వచ్చింది. కాగితం మీద ప్రింటు తీసుకుని దేవుడి పటాల పక్కన పెట్టాను.

మే 7న భారత్, పాకిస్తాన్ మధ్య దాడులు మొదలయ్యాక వార్తలు చూసి మా అత్తయ్య అన్నం ముట్టలేదు. ఉత్తరాన, పశ్చిమాన విమానాశ్రయాలు మూశారు. విశాఖపట్నం ఆ జాబితాలో లేదని ఎన్నిసార్లు చెప్పినా “పిల్లల్ని తీసుకుని ఇప్పుడేమిటమ్మా” అని అదే మాట. ఆవిడ భయం నాకు అర్థమయింది, ఎందుకంటే నాలోనూ అదే ఉంది. 10న కాల్పులు ఆగాయని తెలిశాక ఆవిడే జంతికలు వండడానికి పిండి కలిపారు.

ఆఖరి వారం చిన్న పనులు ఎక్కువ. మా బ్యాంకు కార్డులు విదేశాల్లో పనిచేయాలంటే మనమే యాప్‌లో అనుమతి ఇవ్వాలి. 2020 తర్వాత ఇచ్చే కార్డులన్నీ దేశం లోపల వాడుకకే తెరిచి ఉంటాయి. సింగపూర్ రాక కార్డు చేరే రోజుతో కలిపి మూడు రోజుల లోపే నింపాలి, చిన్నవాడికి కూడా. దానికి రుసుము లేదు. డబ్బు అడిగే వెబ్‌సైట్ కనిపిస్తే మూసేయండి. మా చెల్లెలు ఇచ్చిన కోడిపచ్చడి సీసా ఇంట్లోనే ఉంచేశాం, మాంసం వంటకాలు అక్కడికి తీసుకుపోకూడదు. రెండు జట్లుగా విడిపోతాం కనుక మా ఇద్దరి ఫోన్లకూ రోమింగ్ వేయించాం.

మే 19 రాత్రి విశాఖపట్నంలో ఇమిగ్రేషన్ కౌంటరు. అధికారి పెద్దమ్మాయి పాస్‌పోర్టు తెరిచి పేరు పైకి చదివారు, ‘వ’తోనే. పిల్ల వెనక్కి తిరిగి నా వంక చూసింది. ఆ చూపుకి ఏడు వారాల తిరుగుడు చెల్లిపోయింది.

అక్కడ గడిచిన రోజుల గురించి క్లుప్తంగానే చెబుతాను. ఉదయం దిగాం, గది ఇచ్చేది మధ్యాహ్నం రెండుకు. విమానాశ్రయం పక్కన జ్యువెల్ అనే మాల్‌లో 40 మీటర్ల జలపాతం చూద్దామని వెళ్తే ఇంకా నీళ్లు వదల్లేదు. ఖాళీ గాజు కప్పు కింద బెంచీ మీద ముగ్గురూ నిద్రపోయారు. మెట్రోలో ఒకే కార్డును ఇద్దరికి తాకించడం కుదరదు, మనిషికొకటి ఉండాలి. ఏడు నిండినందువల్ల బాబుకు పెద్దల ఛార్జీ పడింది. రెండు రోజులు మధ్యాహ్నం పిడుగులతో వాన కురిసింది. ఆ రెండుసార్లూ చిన్నవాడు గదిలో నిద్రలో ఉన్నాడు. నైట్ సఫారీలో ట్రామ్ చీకట్లో సాగుతుంటే, ముగ్గురూ నోరు మెదపకుండా ఒకే దిక్కు చూశారు. పదిహేను, ఏడు, మూడు: ముగ్గురికీ ఒకేసారి నచ్చిన చోటు అదొక్కటే. నాలుగో సాయంత్రం పెద్దమ్మాయి, వాళ్ల నాన్న మెరీనా బే ఒడ్డున రెండు గంటలు కూర్చున్నారు. ఏం మాట్లాడుకున్నారో నేను అడగలేదు.

లెక్కలు అడుగుతారు కనుక చెబుతున్నాను. పాస్‌పోర్టులు 6,300. విశాఖపట్నం రాకపోకలు, ధ్రువపత్రం ఖర్చులు 10,500. విమానం 1,21,000. వీసాలు 16,000. గదులు అయిదు రాత్రులకు 78,000. బీమా 4,200. అక్కడ తిండి, టికెట్లు, తిరుగుళ్లు, కొన్నవి 92,000. మొత్తం 3,28,000. చీటీ డబ్బులో 22,000 మిగిలాయి.

చిన్నవాళ్లిద్దరి పాస్‌పోర్టులు 2030 మార్చి వరకే. అప్పటికి చిన్నవాడికి ఎనిమిదేళ్లు. బాబు ఆధార్‌లో ఇంటిపేరు పూర్తిగా రాయించడానికి వచ్చే సోమవారం వెళ్తున్నాం. ఎండలు ఇంకా తగ్గలేదు, బడి తెరవలేదు. నిన్న సాయంత్రం బాబు తనే స్కేలు తెచ్చి, తలుపు చెక్కకు వీపు ఆనించి నిలబడి, అక్కని పిలిచాడు. అది పాత గీత పైన ఇంకో గీత పెట్టి, పక్కన తేదీ వేసి రాసింది: 119.